పాత ట్యూబ్ గిటార్ ఆంప్‌కి కొత్త స్పీకర్ ఎలా ఎంచుకోవాలి? ఓమ్స్, వాట్స్, డెసిబెల్స్ పూర్తి వివరాలు

ఫోన్ పాతబడితే మార్చేస్తాం. గిటార్ ఆంప్ సంగతి అలా కాదు. 1960ల్లో తయారైన ఫెండర్, వాక్స్ ఆంప్స్‌ని ఇవాళ్టికీ జనం వెతుక్కుని మరీ కొంటున్నారు. ట్యూబులు మారుస్తారు, కెపాసిటర్లు మారుస్తారు, ఏదో ఒక రోజు స్పీకర్ వంతు కూడా వస్తుంది. యాభై అరవై ఏళ్లు ఆగకుండా వణికిన కాగితపు కోన్ కదా, ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. లేదంటే లోపలి కాయిల్ కాలిపోతుంది.

ఇక్కడ తొందరపడి ఏదో ఒక 12 అంగుళాల స్పీకర్ తెచ్చి బిగిస్తే రెండు నష్టాలు జరగొచ్చు. ఒకటి, ఏ సౌండ్ కోసం ఆ ఆంప్ కొన్నారో అది పోతుంది. రెండోది ఇంకా పెద్దది: లోపలున్న ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్‌ని మళ్లీ మార్చుకోవచ్చు గానీ, ఆ కాలం నాటి ఒరిజినల్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే మళ్లీ దొరకడం కష్టం.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, 100 వాట్ల స్పీకర్ పెడితే సౌండ్ ఎక్కువొస్తుందా?" రాదు. ఎందుకు రాదో అర్థమైతే స్పెసిఫికేషన్ షీట్ చదవడం సగం వచ్చేసినట్టే. ఈ ఆర్టికల్‌లో ఫెండర్ డీలక్స్ రివర్బ్‌ని ఉదాహరణగా తీసుకుని ఒక్కో అంకెని చూద్దాం. 1963లో వచ్చిన ఈ మోడల్‌లో రెండు 6వీ6 ఔట్‌పుట్ ట్యూబులు, సుమారు 22 వాట్ల పవర్, ఒకే ఒక్క 12 అంగుళాల 8 ఓమ్స్ స్పీకర్ ఉంటాయి. లెక్కలు నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైన ఆంప్ ఉండదు.

ముందు ఒక మాట: గిటార్ స్పీకర్, మ్యూజిక్ స్పీకర్ ఒకటి కాదు

బ్లూటూత్ స్పీకర్ అయినా, ఇయర్‌ఫోన్స్ అయినా వాటి పని పాటని ఉన్నది ఉన్నట్టు వినిపించడం. గిటార్ స్పీకర్ పని అది కాదు. అది కూడా వాయిద్యంలో ఒక భాగమే. ఎక్కువ గిటార్ స్పీకర్లు దాదాపు 75 హెర్ట్జ్ నుంచి 5,000 హెర్ట్జ్ వరకే సరిగ్గా పలుకుతాయి. ఆ పైన సౌండ్ గబుక్కున పడిపోతుంది. ట్వీటర్ ఉండదు. ఇది లోపం అనుకోకండి, కావాలనే అలా చేస్తారు. ఆంప్‌ని గట్టిగా తోసినప్పుడు వచ్చే డిస్టార్షన్‌లో గరగరలాడే హై ఫ్రీక్వెన్సీలు చాలా ఉంటాయి. వాటిని స్పీకర్ కోసేస్తుంది కాబట్టే చెవికి ఇంపుగా ఉంటుంది. అదే డిస్టార్షన్‌ని ఇంట్లో ఉన్న హైఫై స్పీకర్‌లో వింటే చెవుల్లో తేనెటీగలు దూరినట్టుంటుంది.

అందుకే కార్ ఆడియో స్పీకర్, డీజే స్పీకర్ పాత ఆంప్‌లో పెట్టే ఆలోచన అక్కడితో ఆపేయండి.

నిజంగా మార్చాలా? ముందు ఈ మూడు టెస్టులు

స్పీకర్ తీగని ఆంప్ నుంచి ఊడదీసి ఈ టెస్టులు చేయాలి. ఆంప్‌కి తగిలించి ఉండగా కొలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ కూడా లెక్కలోకి వచ్చి రీడింగ్ తప్పుగా వస్తుంది.

1. మల్టీమీటర్ టెస్ట్: 8 ఓమ్స్ స్పీకర్ మల్టీమీటర్‌లో 8 చూపించదు. మామూలుగా 6 నుంచి 7 మధ్య చూపిస్తుంది. 4 ఓమ్స్ స్పీకర్ అయితే 3 పైచిలుకు, 16 ఓమ్స్ అయితే 12, 13 దగ్గర. కారణం ఏంటంటే మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్, స్పీకర్ మీద రాసేది ఏసీ ఇంపెడెన్స్. మీటర్ అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టే.

2. చేతి టెస్ట్: రెండు చేతుల వేళ్లని కోన్ మీద ఎదురెదురుగా పెట్టి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. మెత్తగా కదలాలి. గీసుకుంటున్న చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ మ్యాగ్నెట్‌కి రాసుకుంటోందని అర్థం.

3. కంటి టెస్ట్: కోన్ మీద చిరుగులు, అంచుల్లో పగుళ్లు చూడండి. చిన్న చిరుగైతే పల్చటి టిష్యూ కాగితం, ఎండాక కూడా మెత్తగా సాగే జిగురుతో అతికించొచ్చు. దానికి కొత్త స్పీకర్ అక్కర్లేదు.

కాయిల్ పోయినా, కోన్ బాగా చినిగినా రెండు దారులున్నాయి. పాత ఫ్రేమ్‌కే కొత్త కోన్, కొత్త కాయిల్ వేయించడం ఒకటి, దీన్ని రీకోనింగ్ అంటారు. ఇంకోటి కొత్త స్పీకర్ కొనడం. రీకోనింగ్‌లో పాత మ్యాగ్నెట్, పాత ఫ్రేమ్ నిలుస్తాయి. కానీ సౌండ్‌లో ఎక్కువ భాగం కోన్‌దే కాబట్టి, వేసే కోన్ ఒరిజినల్‌కి ఎంత దగ్గరగా ఉంటే ఫలితం అంత దగ్గరగా వస్తుంది.

మీ స్పీకర్ వయసు దాని ఒంటి మీదే ఉంది

పాత అమెరికన్ స్పీకర్ల ఫ్రేమ్ అంచు మీద ఒక నంబర్ ముద్రించి ఉంటుంది. మొదటి అంకెలు తయారీదారు కోడ్. 220 అంటే జెన్సెన్, 465 అంటే ఆక్స్‌ఫర్డ్, 137 అంటే సీటీఎస్, 328 అంటే యూటా, 67 అంటే ఎమినెన్స్. తర్వాత వచ్చేవి ఏడాది, వారం. ఉదాహరణకి 465712 అని ఉంటే: 465 ఆక్స్‌ఫర్డ్, 7 అంటే ఏడుతో ముగిసే సంవత్సరం, 12 అంటే ఆ ఏడాదిలో 12వ వారం. ఆంప్ 1967 నాటిదైతే స్పీకర్ కూడా 1967 మార్చిలో తయారైందని లెక్క.

ఇది ఎందుకు ముఖ్యం? ఆంప్‌తో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్పీకర్ అయితే అది పాడైపోయినా దానికి విలువ ఉంటుంది. రేపు ఆంప్ అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట అడిగేది దాన్నే. ఒకవేళ స్పీకర్ తేదీ ఆంప్ తేదీ కన్నా ఏళ్ల తరబడి తర్వాతిదైతే, మీ కంటే ముందే ఎవరో మార్చేశారన్నమాట. అప్పుడు ఒరిజినల్ పోతుందేమో అన్న బెంగ లేకుండా మీకు నచ్చింది ఎంచుకోవచ్చు.

మొదటి అంకె: ఓమ్స్. ఇక్కడ రాజీ లేదు

ఇయర్‌ఫోన్స్ కొనేటప్పుడు 16 ఓమ్స్, 32 ఓమ్స్ అని చూస్తాం కదా. అక్కడ కాస్త అటూ ఇటూ అయినా వాల్యూమ్ తేడా తప్ప ప్రమాదం ఉండదు. ట్యూబ్ ఆంప్‌లో అలా కుదరదు.

ట్యూబులు ఎక్కువ వోల్టేజ్, తక్కువ కరెంట్ మీద పనిచేస్తాయి. స్పీకర్‌కి కావాల్సింది దానికి పూర్తిగా తిరగేసి: తక్కువ వోల్టేజ్, ఎక్కువ కరెంట్. ఈ రెండింటికీ మధ్యవర్తి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. డీలక్స్ రివర్బ్‌లో 8 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే ట్యూబులకి అది సుమారు 6,600 ఓమ్స్‌లా కనిపిస్తుంది. అదే చోట 16 ఓమ్స్ స్పీకర్ పెడితే 13,200 అవుతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ ఊపు పెరుగుతుంది, లోపలి ఇన్సులేషన్ మీద ఒత్తిడి పడుతుంది. 4 ఓమ్స్ పెడితే 3,300 అవుతుంది. అప్పుడు కరెంట్ పెరిగి ట్యూబులు త్వరగా అరిగిపోతాయి.

అన్నిటికంటే ప్రమాదం స్పీకర్ అసలే లేకుండా ఆంప్ వాయించడం. వెళ్లే దారి లేక వోల్టేజ్ ఎగిసిపడి ట్రాన్స్‌ఫార్మర్‌ని చంపేయగలదు. ఫెండర్ పాత ఆంప్స్‌లో మెయిన్ స్పీకర్ జాక్‌లో ప్లగ్ లేకపోతే అది తనంతట తానే షార్ట్ అయ్యే ఏర్పాటు ఉంది, ఈ ప్రమాదాన్ని తప్పించడానికే. అన్ని కంపెనీల ఆంప్స్‌లో ఇది ఉండదు. కాబట్టి స్పీకర్ తీసేశాక "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనే సరదా వద్దు.

ఒకటి కంటే ఎక్కువ స్పీకర్లుంటే ఇలా లెక్క వేయండి. ఒకేలాంటి స్పీకర్లని ప్యారలల్‌లో కలిపితే ఓమ్స్‌ని వాటి సంఖ్యతో భాగించాలి, సిరీస్‌లో కలిపితే గుణించాలి. ట్విన్ రివర్బ్‌లో రెండు 8 ఓమ్స్ స్పీకర్లు ప్యారలల్, మొత్తం 4 ఓమ్స్. సూపర్ రివర్బ్‌లో నాలుగు 8 ఓమ్స్ స్పీకర్లు ప్యారలల్, మొత్తం 2 ఓమ్స్. అంటే సూపర్ రివర్బ్‌లో ఒక్క స్పీకర్ పోయినా మీరు కొనాల్సింది 8 ఓమ్స్‌దే, 2 ఓమ్స్‌ది కాదు. చాలామంది తికమక పడేది ఇక్కడే.

రెండో అంకె: వాట్స్ అంటే సౌండ్ కాదు, ఓపిక

స్పీకర్ మీద రాసిన వాట్స్ అది ఇచ్చే సౌండ్ కాదు, అది తట్టుకోగలిగే పవర్. 22 వాట్ల ఆంప్‌కి 100 వాట్ల స్పీకర్ పెట్టినా వచ్చేది ఆ 22 వాట్ల పవరే. చిన్న గిన్నెడు నీళ్లని పెద్ద బిందెలో పోసినంత మాత్రాన నీళ్లు పెరగవు కదా.

మరి ఎంత తీసుకోవాలి? ఆంప్ పవర్‌కి కనీసం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అన్నది నేను పాటించే లెక్క. కారణం ఉంది. 22 వాట్స్ అన్నది శుభ్రమైన సౌండ్ ఉన్నప్పటి కొలత. వాల్యూమ్ పది మీద పెట్టి ఆంప్‌ని డిస్టార్షన్‌లోకి నెడితే అంతకంటే చాలా ఎక్కువే బయటికి వస్తుంది. కాబట్టి డీలక్స్ రివర్బ్‌కి 35 నుంచి 50 వాట్ల స్పీకర్ హాయిగా సరిపోతుంది. 25 వాట్ల సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ పెడితే అంచు మీద నడిచినట్టే. 15 వాట్ల సెలెస్టియన్ బ్లూ ఎంత తియ్యగా ఉన్నా ఒక్కటే పెడితే సాహసమే. వాక్స్ ఏసీ30లో ఆ బ్లూ స్పీకర్లు జంటగా ఉంటాయి. 15, 15 కలిపితే 30 వాట్స్, ఆంప్‌కి సరిగ్గా సమానం.

ఇంకో వైపు కూడా ఉంది. తక్కువ వాట్ల స్పీకర్ తన పరిమితికి దగ్గరగా పనిచేసేటప్పుడు కోన్ కూడా కొంచెం డిస్టార్షన్ కలుపుతుంది. పాత రికార్డుల్లో వినిపించే ఆ బొంగురు తీపిలో దాని వాటా ఉంది. 200 వాట్ల స్పీకర్ అయితే 22 వాట్లకి చలించదు, శుభ్రంగా, గట్టిగా ఉంటుంది. ఏది మంచిది అన్నది మీరు వాయించే పాటని బట్టి ఉంటుంది.

మూడో అంకె: డెసిబెల్స్. అసలు సౌండ్ ఇక్కడుంది

స్పెసిఫికేషన్‌లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 1 వాట్ ఇచ్చి 1 మీటర్ దూరంలో కొలిచిన సౌండ్ అది. చాలామంది దీన్ని చూడరు, నేను ఓమ్స్ తర్వాత చూసేది దీన్నే.

ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: 3 డెసిబెల్స్ పెరిగితే ఆంప్ పవర్ రెట్టింపు అయినట్టే. సెలెస్టియన్ క్రీమ్‌బ్యాక్ జీ12ఎం-65 సెన్సిటివిటీ 97 డెసిబెల్స్. అదే కంపెనీ గోల్డ్‌ది 100 డెసిబెల్స్. లెక్క ప్రకారం 22 వాట్ల ఆంప్ క్రీమ్‌బ్యాక్‌తో సుమారు 110 డెసిబెల్స్‌కి వెళ్తే గోల్డ్‌తో 113కి వెళ్తుంది. అంటే గోల్డ్ పెట్టిన మీ 22 వాట్ల ఆంప్, క్రీమ్‌బ్యాక్ పెట్టిన 44 వాట్ల ఆంప్‌తో సమానం. డ్రమ్మర్ పక్కన వాయించేవాళ్లకి ఇది పెద్ద తేడా.

అయితే దీన్ని తిరగేసి ఆశపడొద్దు. "తక్కువ సెన్సిటివిటీ స్పీకర్ పెడితే అపార్ట్‌మెంట్‌లో వాయించుకోవచ్చు కదా" అనుకుంటారు. మన చెవికి సౌండ్ సగానికి తగ్గినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. స్పీకర్ మార్పుతో అంత తగ్గదు. 110 డెసిబెల్స్‌కి కూడా పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

మ్యాగ్నెట్: ఆల్నికో, సిరామిక్, నియోడిమియం

ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. సౌండ్ పెంచేకొద్దీ మెల్లగా, మెత్తగా ఒదిగిపోతుందని వాయించేవాళ్లు చెబుతారు. కోబాల్ట్ ఖరీదు వల్ల ధర ఎక్కువ. సిరామిక్ చవక, గట్టిగా తోసినా సూటిగా పలుకుతుంది. నియోడిమియం బాగా తేలిక. 2019లో వచ్చిన ఫెండర్ టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్‌లో ట్యూబుల బదులు డిజిటల్ సర్క్యూట్, నియోడిమియం జెన్సెన్ స్పీకర్ పెట్టి బరువుని దాదాపు 10 కిలోలకి దించారు.

జెన్సెన్ పేర్లలో ఈ సంగతి దాగి ఉంటుంది. పీ12ఎన్‌లో పీ అంటే ఆల్నికో, సీ12ఎన్‌లో సీ అంటే సిరామిక్, 12 అంగుళాలు, చివరి అక్షరం మోడల్ స్థాయి. ఇప్పుడొస్తున్న సీ12ఆర్ 25 వాట్స్, సీ12క్యూ 35, సీ12ఎన్ 50, సీ12కే 100.

మ్యాగ్నెట్ ఒక్కటే సౌండ్‌ని నిర్ణయించదు. కోన్ కాగితం మందం, దాని మీద గీతలున్నాయా లేదా, కాయిల్ సైజు, అన్నీ కలుస్తాయి. ఆల్నికో అన్న పేరు చూసి మాత్రమే రెట్టింపు డబ్బు పెట్టకండి.

యూట్యూబ్ డెమోలని ఎలా వినాలి?

డెమోల్లో మైక్ కోన్‌కి అంగుళం దూరంలో ఉంటుంది. మైక్ కోన్ మధ్యలో పెడితే షార్ప్‌గా, అంచుకి జరిపితే మెత్తగా వినిపిస్తుంది. కాబట్టి ఒకే వీడియోలో, ఒకే మైక్ పొజిషన్‌లో పోల్చినవాటినే నమ్మండి. వేర్వేరు వీడియోలని పోల్చడం దండగ. ఫోన్‌తో రికార్డ్ చేసిన పోలికల్లో ఇంకో చిక్కు: ఫోన్ కెమెరా యాప్స్ సౌండ్ లెవెల్‌ని ఆటోమేటిక్‌గా సర్దేస్తాయి. మనం పైన లెక్కేసిన 3 డెసిబెల్స్ తేడా అందులో మాయమైపోతుంది.

బిగించేటప్పుడు

కొనేముందు స్పీకర్ లోతు, మ్యాగ్నెట్ వెడల్పు కొలవండి. పెద్ద మ్యాగ్నెట్ అయితే పైనున్న ట్రాన్స్‌ఫార్మర్‌కో ట్యూబులకో తగలొచ్చు.

స్పీకర్ మార్చడానికి ఆంప్ చాసిస్ విప్పాల్సిన పనే లేదు. విప్పకండి. లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కాసేపు నిలిచే అవకాశం ఉంది.

బోల్టులని ఎదురెదురుగా ఒకటి తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకేవైపు బలంగా తిప్పితే ఫ్రేమ్ వంగి కొత్త స్పీకర్ కాయిల్ కూడా రాసుకుంటుంది.

రెండు స్పీకర్లుంటే పోలారిటీ చూడండి. ఆంప్‌కి తగిలించకముందు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని టెర్మినల్స్‌కి ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ తాకితే కోన్ ముందుకి రావాలి. పాత జేబీఎల్ స్పీకర్లలో ఇది తిరగేసి ఉంటుంది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి కదిలితే బేస్ కొట్టుకుపోతుంది.

అమెరికా నుంచి తెచ్చిన ఆంప్ అయితే మన 230 వోల్టుల్లో నేరుగా పెట్టకూడదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. డీలక్స్ రివర్బ్‌కి 300 వాట్స్‌ది తీసుకుంటే నిశ్చింత. ఆంప్‌కి ఇంకా రెండు పిన్నుల పాత ప్లగ్గే ఉంటే, స్పీకర్ కంటే ముందు టెక్నీషియన్ దగ్గర ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల తీగ వేయించండి. గిటార్ తీగలు మీ చేతిలో ఉంటాయి, ఆ లోహం ఆంప్ చాసిస్‌కి కలిసి ఉంటుంది.

డీలక్స్ రివర్బ్‌కి నా లిస్ట్

- పాత ఫెండర్ క్లీన్ సౌండ్ కావాలంటే: జెన్సెన్ సీ12క్యూ లేదా సీ12ఎన్. మొదటిది త్వరగా మెత్తబడుతుంది, రెండోది ఇంకాస్త శుభ్రంగా నిలుస్తుంది.
- రాక్ వాయిస్తే, మిడ్స్ బలంగా కావాలంటే: క్రీమ్‌బ్యాక్ జీ12ఎం-65. గ్రీన్‌బ్యాక్ తరహా సౌండ్, 65 వాట్ల ఓపిక.
- బ్యాండ్‌తో వాయిస్తే, బడ్జెట్ ఉంటే: సెలెస్టియన్ గోల్డ్. 50 వాట్స్, 100 డెసిబెల్స్, ఆల్నికో.
- మోయడం కష్టమైతే: ఏదైనా 8 ఓమ్స్ నియోడిమియం గిటార్ స్పీకర్.

మొదటి రోజే తీర్పు ఇవ్వకండి. కొత్త కోన్ బిర్రుగా ఉంటుంది. కొన్ని గంటలు వాయించాక కాస్త వదులై బేస్ తెరుచుకుంటుంది. వినేటప్పుడు ఆంప్‌ని కుర్చీ మీద పెట్టండి. నేల మీద ఉంటే హై ఫ్రీక్వెన్సీలన్నీ మీ మోకాళ్లకే వినిపిస్తాయి.

పాత స్పీకర్‌ని మాత్రం పారేయకండి. అట్టపెట్టెలో పెట్టి, కోన్‌కి ఏదీ తగలకుండా మూసి, మీద ఆంప్ సీరియల్ నంబర్ రాసి పెట్టండి. పాత బోల్టులు కూడా అందులోనే వేయండి. ఆంప్‌లో కొత్త రంధ్రాలు చేయకుండా బిగిస్తే, మీరైనా మీ తర్వాత కొన్నవాళ్లైనా అరగంటలో దాన్ని మళ్లీ పాత రూపానికి తేగలరు.